ఉడకని గుడ్డకి మార్కులు

పెడనలో అల్లావుద్దీన్ గారి కలంకారీ షెడ్డులో గుడ్డలు ఉడికించేది నేను. కొత్తగా పనికొచ్చినవాళ్ల చేత ఆయన గజం గుడ్డ మీద పటికనీళ్లతో పూలు అద్దించి, అక్కడికక్కడే మార్కులేస్తారు. ఆ గుడ్డ తర్వాత మసిగుడ్డల్లోకి పోతుంది.

ఈసారి వచ్చిన ఇద్దరిలో హీనాకి పదికి తొమ్మిదొచ్చాయి, గూడూరు నుంచి వచ్చిన శాంతికి నాలుగు.

"అంచులు కుదర్లేదమ్మా, వెళ్లిరా" అన్నారు. ఈ పని మీదే ఆశ పెట్టుకున్న శాంతి ఏడుస్తూ బస్సెక్కింది.

పటిక అద్దిన చోట ఎరుపు తేలేది రంగునీళ్లలో ఉడికాకే. మనసొప్పక ఆ రెండు గుడ్డలూ కాగులో వేశాను. శాంతి పూలు నిండుగా ఎర్రబడ్డాయి. హీనావి అంచులు బాగున్నా నడుమ పాలిపోయాయి.

తీసుకెళ్లి ఆయన ముందు పరిచాను.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం దేవసహాయం?"

"మసిగుడ్డని ఉడికించమని మీరెప్పుడన్నారండీ?"

ఆయన శాంతికి ఫోన్ చేశారు. "రేపు రామ్మా. నెల్లాళ్లు ఉడికిన గుడ్డలు చూశాకే మార్కులు. హీనాకీ అంతే."