మగ్గాల నడుమ బ్లాక్ తాపీ

సూరత్‌ల పారే తాపీ నది పేరు పెట్టుకొని బ్లాక్ తాపీ అనే బ్యాండు 2002ల అక్కడనే పుట్టింది. ఐదేండ్లల పదమూడు మంది చేరిండ్రు, తొమ్మిది మంది పోయిండ్రు. మొదటి సంది ఉన్నోళ్లు ఇద్దరే: పాడే సాయికుమార్, గిటారు వాయించే వరుణ్. సాయి మగ్గాల కార్ఖానాల పనిచేస్తడు, వరుణ్ పైసలున్నోళ్ల అడాజన్‌ల ఉండే బ్యాంకు ఆఫీసరు కొడుకు. వీళ్లు వాయించేది అమెరికాల గ్రంజ్ అనే పాటల జోరు సల్లబడ్డంక వచ్చిన రాక్. అంటే ఏంది? గిటారు గరగరలాడాలె, పాడేటోని గొంతుల ఎవరో సచ్చినంత బాధ ఉండాలె. ఎవరు సచ్చిండ్రని మాత్రం అడగొద్దు.

డ్రమ్ములోళ్లను ఏటేటా నవరాత్రే మింగింది. గర్బా ఆట ఆడించే పార్టీలు తొమ్మిది దినాలకని పట్కపోతయి, పదో దినం వాళ్లు తిరిగొస్తే ఒట్టు. బేస్ వాయించేటోళ్ల కత వేరే. ఒకడు కిమ్‌ల మిల్లు నౌకరికి పోయిండు. ఒకనికి ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీల షిఫ్టు దొరికింది. ఇంకొకనికి పెండ్లయింది, పెండ్లాం గిటారును అటక మీద పెట్టి నిచ్చెన పక్కింటోళ్లకు ఇచ్చేసింది. పోయినోళ్లను సాయి ఒక్క మాటనలే. "పోనియ్ రా, గొంతు ఉన్నంత సేపు బ్యాండు ఉంటది," అనేటోడు. ఆ గొంతు తనదే మరి. పొద్దంత తెగిన పోగులు అతికేటోనికి, తనదని చెప్పుకునేందుకు అదొక్కటే ఉండె.

ప్రాక్టీసు కోసం వరుణోళ్ల సొసైటీల మొదటి దినం గిటారు మోగిందో లేదో, సాయి నోరు తెరవకముందే సెక్రటరీ లుంగీ మీదనే ఉరికొచ్చిండు. ఇగ సాయి మేనమామ మార్కండేయ నడిపే కార్ఖానానే దిక్కయింది. ఇరవై నాలుగు కరెంటు మగ్గాలు దడదడ కొట్టుకుంటుంటే నడుమ వీళ్లు. అక్కడ ఎవ్వరు తిట్టరు, ఎవ్వరికి ఏమీ వినబడది గనుక. పనోళ్లు పెదవులు చూసే మాట్లాడుకుంటరు. సాయి తల్లి కొమురవ్వ అండ్లనే కండెలు చుడుతది. కొడుకు పాడుతుంటే పని ఆపకుండనే కండ్లప్పగించి చూసేది.

2007ల అడాజన్‌ల పాటల పోటీ పెట్టిండ్రు. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, చీమ చిటుక్కుమన్న వినబడేటట్టున్నది. సాయి నోరు తెరిచిండు. అయ్యో రామ! ఐదేండ్లల ఆ గొంతు లోకానికి వినబడుడు అదే మొదలు. సాయికి గూడ అదే మొదలు. శ్రుతి ఒక దిక్కు, సాయి ఒక దిక్కు. ముందలోళ్లు నవ్విండ్రు, ఎనుకోళ్లు ఈలలేసిండ్రు. ఎట్ల ఆపాల్నో తెల్వక సాయి రెండు పాటలూ పూర్తిగ పాడిండు.

బయట మెట్ల మీద వరుణ్ బూట్ల లేసు కట్టుకుంట చెప్పిండు. "సాయీ, నువ్విక పాడకు. పాడతానంటే నేను వెళ్లిపోతా."

"ఐదేండ్ల సంది చెప్పవైతివేందిరా?"

"వినపడితే కదరా చెప్పడానికి!"

సాయికి ఏడుపు తన్నుకొచ్చింది. తొమ్మిది మంది పోయినప్పుడు గూడ గింత దుఃఖం రాలే. గప్పుడే, హాల్ల ముందు వరుసల కూసున్న కొమురవ్వ మురుసుకుంట వచ్చింది.

"మస్తు పాడినవ్ బిడ్డా!"

"ఊకోవే అమ్మా. అందరు నవ్విండ్రు, ఇనలేదా?" అన్నడు సాయి, మొఖం అటు తిప్పుకొని.

ఆమె తన ముచ్చటనే అందుకున్నది. "గని రెండో పాట సగమే సమజైంది. మైకు నీ నోటికి అడ్డమొచ్చె. ఒక్కపారి మల్ల పాడు," అన్నది.

సాయి గతుక్కుమన్నడు. లేచి ఆమె ఎనుకకు పోయి, "అమ్మా" అని పిలిచిండు. గట్టిగ పిలిచిండు. మెట్ల మీద ఉన్నోళ్లందరు తిరిగి చూసిండ్రు, కొమురవ్వ తిరగలే. ఎన్నేండ్ల సంది గిట్లనో! ఆమె చెప్పలే, ఇంట్ల ఎవ్వరు అడగలే.

"రేపటి సంది పాడనీకి వేరేటోన్ని చూస్కో," అన్నడు వరుణ్‌తోని.

అని, తల్లి ముందటికొచ్చి కింది మెట్టు మీద కూసున్నడు. ముక్కు తుడుసుకొని రెండో పాట మొదటి సంది ఎత్తుకున్నడు. ఒక్క మాట వదలకుండ పెదవులు నిదానంగ కదిపిండు. గొంతు మాత్రం బయటికి రానియ్యలే.