తలుపుకు అడ్డం వేసిన కంప

క్రిస్మస్ రేపనగా మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇళ్ల బ్రోకరు ఏసన్న ఆదోనిలో ఉచ్చీరప్ప ఇంటి ముందు కారాపి, దిగకముందే బీపీ మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు. మూడున్నరకు ఎమ్మిగనూరు రిజిస్ట్రారాఫీసులో స్లాటు. అది తప్పితే రేపు సెలవు, ఎల్లుండి ఆఫీసుకు ఎవరొస్తారో ఎవరు రారో ఆ దేవుడికే తెలియాలి, ఆపైన శనీ ఆదివారం. అక్కడేమో ఇల్లు కొంటున్న ఎస్తేరు అద్దె ఇంటి సామానంతా ట్రాక్టరుకెత్తించి, ఇద్దరు పిల్లల్ని పక్కన పెట్టుకుని రోడ్డు మీద కూర్చుంది. అద్దె ఇంటాయన సాయంత్రానికి వేరేవాళ్లను దించుతున్నాడు.

ఆ ఇల్లు ఖాళీ చేయమని ఎస్తేరుకు చెప్పింది ఎవరనుకున్నారు? ఏసన్నే. "ఇరవై నాలుగు పొద్దుగూకేలోపల తాళం నీ చేతిలో పెట్టకపోతే నన్ను ఏసన్నా అని పిలవొద్దు మా" అని ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద, పదిమంది వింటుండగా అన్నాడు. ఎస్తేరు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, మొగుడు బాలరాజు తాపీ పని చేస్తాడు. సొంత ఇంట్లో క్రిస్మస్ ప్రార్థన పెట్టుకోవాలని ఆ ఇద్దరికీ ఏళ్లనాటి ఆశ.

ఏసన్న తొందరకు ఇంకో కారణం కూడా ఉంది. ధనుర్మాసం పడిందంటే హిందువుల పార్టీలు, అంటే ఇల్లు కొనేవాళ్లు, ఒక్కరూ కదలరు. పదిళ్లు చూపించినా "శూన్యమాసం గదన్నా, పండగ పోనీ" అంటారు. ఆ నెలంతా ఏసన్న బతికేది తన సంఘం వాళ్ల మీదే. వాళ్లేమో కొత్తబట్టలు, స్టారు లైట్లు, బిర్యానీ అంటూ పరుగులు పెడుతుంటారు. పట్టుకుని నిలబెట్టి ఇల్లు చూపించేసరికి ఈయన తల ప్రాణం తోకకొస్తుంది.

లోపల ఉచ్చీరప్ప తల్లి తిమ్మక్క చీర మార్చుకుని, నోట్లో తమలపాకు పెట్టుకుని సిద్ధంగా కూర్చునుంది. ఎమ్మిగనూరు ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. ఆగస్టులో మొగుడు ఆ ఇంట్లోనే పోయాడు. ఆ తర్వాత కొడుకు ఆమెను ఆదోనికి తెచ్చుకున్నాడు. శూన్యమాసంలో సంతకమేందని ఆమె మొదట మొరాయించింది గానీ, "పెండ్లా పేరంటమా, యేలు ముద్రే గదమ్మా" అని ఉచ్చీరప్ప ఒప్పించాడు. పత్తి జిన్నింగు మిల్లులో ఒక పూట సెలవు పెట్టి, ఆయన గడియారం చూసుకుంటూ గడపలో తిరుగుతున్నాడు.

"రామ్మా, పోదాం. కారు రడీగా ఉండాది" అన్నాడు ఏసన్న.

తిమ్మక్క లేచింది. చెప్పులేసుకుంది. అంతవరకూ బాగానే ఉంది. ఏసన్న నోరు ఊరుకుంటే కదా! ముసలామెను సంతోషపెడదామనుకుని, కారు తలుపు తీసి పట్టుకుని చెప్పాడు: "నీ ఇల్లు సూస్తే గుర్తుపట్టవమ్మా. సున్నం కొట్టించినా, గచ్చు కడిగించినా. ఈపొద్దు రాత్రికే ఆ పిల్లలు సేరతాండారు. దీపాలే దీపాలు!"

తిమ్మక్క కారులో పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"తలుపుకేసిన కంప యాడుంది?"

ఏసన్న ఉచ్చీరప్ప వైపు చూశాడు. ఉచ్చీరప్ప పక్కింటి గోడ వైపు చూశాడు.

ఆ ముసలాయన పోయిన నక్షత్రం మంచిది కాదని, ఆరు నెలలు ఆ ఇంట్లో దీపం పెట్టగూడదని, మనిషి పండుకోగూడదని అయ్యవారు చెప్పాడు. అందుకే తిమ్మక్క తానే దగ్గరుండి తలుపుకు అడ్డంగా తుమ్మకంప కట్టించి, తాళమేసి వచ్చింది. గడువు ఫిబ్రవరి దాకా ఉంది. ఇల్లు ఇప్పుడు అమ్మినా, తాళం గడువు తీరాకే ఇస్తారని కొడుకు ఆమెకు చెప్పాడు. బ్రోకరుకేమో, "కంప సంగతి ఎవరికీ సెప్పొద్దన్నా, బేరం పోతాది" అన్నాడు. ఎస్తేరు ఇల్లు చూడడానికి వచ్చే రోజు పొద్దున్నే ఏసన్న కంప తాళ్లు కోసి, దొడ్డి వెనక పారేశాడు. అరచేతిలో ముల్లు కూడా దిగింది.

"తీసేసినామ్మా. వాళ్లు మావాళ్లు, క్రైస్తవులు. మాకు నక్షత్రాలు ల్యావు, గడువులు ల్యావు" అన్నాడు.

"మీకు ల్యాకపోతే ల్యాకపాయ. ఆ యమ్మకు సెప్పినావా ల్యాదా?"

"సెప్పేదేముంది దాంట్లో?"

"ఏమీ ల్యాకపోతే ఎందుకు సెప్పల్యా?" తిమ్మక్క అరుగు మీద కూలబడింది. "నా మొగుడు పోయిన ఇంట్లో, గడువు తీరకుండా పసిపిల్లోళ్లను పండబెడతాండారా? రేపు వాళ్లకేమన్నా అయితే ఆ ఉసురు ఎవరికి తగులుతాది? నీకా, నాకా? నేను రాను పోండప్పా."

"అమ్మా, నా మానం తీయొద్దు!" అని ఉచ్చీరప్ప అరిచాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. టైము ఒంటిగంట దాటింది. జేబులో ఫోను అదే పనిగా మోగుతోంది. ఏసన్నకు చెవులు గుయ్‌మంటున్నాయి, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. దండం పెట్టాడు, బతిమాలాడు. ఆమె కదల్లేదు.

"ఆ యమ్మకు ఫోన్ సెయ్. నా ముందర సెప్పు. ఆమె సరే అంటే నేనొచ్చి ముద్రేస్తా" అన్నది.

పన్నెండేళ్లుగా ఇళ్లమ్ముతున్నాడు ఏసన్న. పక్కింటి తగాదాలు దాచాడు, వానకు కారే మిద్దెలను ఎండాకాలంలో చూపించాడు. పార్టీకి తన నోటితో చెడ్డ మాట చెప్పడమన్నది ఆయన పుట్టి ఎరగడు. కానీ ఆ పూట దారి లేదు. స్పీకరు పెట్టి ఎస్తేరుకు ఫోన్ చేశాడు. కంప దగ్గర్నుంచి గడువు దాకా నసుగుతూ నసుగుతూ అంతా చెప్పాడు.

అవతల ట్రాక్టరు ఇంజను చప్పుడు మధ్య ఎస్తేరు అడిగింది:

"కంప తీసింది నువ్వేనా అన్నా?"

"నేనే మా. దాంట్లో ఏముందిలే అని..."

"మేము ప్రభువును నమ్ముకోని ఏడేండ్లే అయింది" అన్నది ఎస్తేరు. "పాస్టరయ్య భయపడొద్దంటాడు. ప్రార్థనలో ఉన్నంతసేపు భయముండదు. ఇంటికొస్తే మా యమ్మ సెప్పిన మాటలన్నీ గుర్తుకొస్తాయి. నాకు పిల్లోళ్లుండారన్నా."

"ఏమీ కాదు మా! నా మాట నమ్ము. ఆ ఇంట్లో ఏమీ ల్యాదు."

"నిజంగానా?"

"దేవుని తోడు."

"అయితే ఒక పని సెయ్యి. నువ్వు మూడు తరాల క్రైస్తవుడివి. మీరే ఈ వారం ఆ ఇంట్లో పండుకోండి. మేము మీ ఇంట్లో ఉంటాం. మీ సంతోషిని, బిడ్డను కూడా తీసుకోనిపోండి. మీకేమీ కాకపోతే, కొత్త సంవత్సరానికి మేము పోతాం."

సంతోషి ఆయన కూతురు. కాన్పుకు పుట్టింటికి వచ్చింది, బిడ్డ పుట్టి ఇరవై రోజులు. మనవడు పిడికిలి బిగించి నిద్రపోయేది ఏసన్నకు కళ్ల ముందు మెదిలింది. ఆ గదిలోనా? ఆ గోడ పక్కనా? తిమ్మక్క ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

"అన్నా, ఉండావా?"

"ఉండా మా." "నా వల్ల కాదు. నాకూ భయమే."

అనేశాడు. అని, అరుగు చివర కూర్చుండిపోయాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. తన మనవడిని పండబెట్టలేని చోట పరాయి పిల్లల్ని పండబెట్టడానికే కదా పది రోజులుగా తను ఊళ్లు తిరిగింది!

"మా ఇంటికి తోలుకోని రాండి మా ట్రాక్టరు" అన్నాడు. "ముందు గది ఇడిసిపెడతా. గడువు తీరేదాంకా ఉండండి. పండగ మా ఇంట్లోనే సేసుకుందాం."

"పుష్పక్క ముఖం సూసి వస్తాం" అన్నది ఎస్తేరు. పుష్ప ఏసన్న భార్య. "పిల్లోళ్లు పొద్దున్నుంచి రోడ్డు మీదుండారు. ఇల్లు కూడా కొంటా, ఆ ఇల్లు నాకు నచ్చింది. కానీ అన్నా, ఏమనుకోవద్దు. నీ మాట మీద కొనను. ఆ అవ్వకియ్యి ఫోను."

ఏసన్న ఫోను తిమ్మక్క చేతికిచ్చాడు. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని, "సెప్పు తల్లీ" అంటూ లేచి, తనంతట తానే కారెక్కింది. ఉచ్చీరప్ప ముందు సీటులో కూర్చున్నాడు.

ఎమ్మిగనూరు దాకా దారి పొడుగునా ఆడవాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. తాళం ఏ రోజు ఇచ్చేది, ముందు ఎవరు గడప కడగాలి, బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయా, మిద్దె ఏ మూల కారుతుంది, అన్నీ తిమ్మక్క దాచకుండా చెప్పింది, ఎస్తేరు అడిగి తెలుసుకుంది. మధ్యలో ఒక్కరూ బ్రోకరును ఏమీ అడగలేదు. ఏసన్న కారు తోలాడు.