సొరబుర్రలో బంగారు జెముడు

మా ఆయన అదెలార్ మంచివాడే. కానీ ఆ రోజు మాత్రం పట్టుకుని కిటికీలోంచి అవతల పారేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

వంటింటి కిటికీలో నా బంగారు జెముడు ఉంటుంది. సంతలో కొన్నప్పుడు బొటనవేలంత. పన్నెండేళ్లలో మూరెడు పెరిగింది. ఒళ్లంతా పసుపుపచ్చని ముళ్లు, ఎండ పడితే ధగధగా మెరిసిపోయేది. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. మా ఆడపడుచు ఎర్సీ ఆదివారం వచ్చినప్పుడల్లా, దీనికి బదులు ఓ ఎండుకట్టె పెంచి ఉంటే పొయ్యిలోకైనా పనికొచ్చేది కదా అని దెప్పేది. ఏటా నవంబరులో, మాకిక్కడ చలి పోయి ఎండలు ముదిరే వేళ, చర్చి హాల్లో జరిగే ఇంటి మొక్కల పోటీలో ఆవిడ ఆర్కిడ్లదే మొదటి బహుమతి రిబ్బను మరి.

ఈ ఏడు జెముడు నెత్తిన నాలుగు మొగ్గలు వేసింది. సరిగ్గా పోటీనాటికి విచ్చుకుంటాయని లెక్క వేసుకుని పేరిచ్చేశాను. ఒక్కసారి, ఊరందరి ముందూ అది పూయాలి. అంతకంటే నాకేం అక్కర్లేదు.

పోటీకి ముందురోజు పొద్దున్నే తుడుద్దామని కుండీ ఎత్తితే జెముడు ఊగింది. మొదలు నల్లగా, మెత్తగా కుళ్లిపోయి ఉంది. గులకరాళ్ల కింద గుప్పెళ్లకొద్దీ ఆకుపిప్పి. సొరబుర్ర కప్పులో ఆకుపొడి మీద వేణ్ణీళ్లు పోసుకుని షిమహావ్ తాగాక, అందులో మిగిలిన పిప్పిని పూలకుండీలో దులపడం ఇక్కడ ఏ ఇంట్లోనైనా ఉన్నదే. నేనూ దులుపుతాను, గులాబీలకి. జెముడుకి దులుపుతారా ఎవరైనా? చలికాలమంతా నీళ్ల చుక్క చూపించకూడదే దానికి!

"పూస్తుందని నువ్వు అంత ఆశపడుతున్నావు కదా, కాస్త బలం పెడదామని," అన్నాడు అదెలార్, తల ఎత్తకుండా.

నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూ ఏడ్చాను. తర్వాత కత్తిని మరిగే నీళ్లలో ముంచి, కుళ్లు పోయేదాకా చక్రాలు చక్రాలుగా కోసుకుంటూ పోయాను. శుభ్రమైన కండ కనిపించేసరికి జానెడే మిగిలింది. మొగ్గలు పైనే ఉన్నాయి కాబట్టి బతికాయి. కోసిన గాయం పది రోజులైనా ఆరనిదే మట్టిలో పెట్టకూడదు, పెడితే మళ్లీ కుళ్లుతుంది. మరి దీన్ని నిలబెట్టేదెలా? అప్పుడు అలమరలో అదెలార్ సొరబుర్ర కంటబడింది. వాళ్ల నాన్న వాడినది, అంచుకి వెండి కట్టు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. కడిగి, సాయంత్రం దాకా ఎండబెట్టి, జెముడుని దాని నోట్లో కూర్చోబెట్టాను. కొలిచి చేసినట్టు పట్టింది. పది రోజులు తనకి షిమహావ్ లేదని ఆయనకి అర్థమైపోయింది.

మర్నాడు హాల్లో అందరికంటే ముందు ఎర్సీ వదినే చూసింది. "వేరు లేనిదాన్ని మొక్కంటారా? తరిగిన దోసకాయ తెచ్చింది మా మరదలు," అంది. హాలంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. బహుమతులు నిర్ణయించే హెల్గా టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ మొగ్గల్ని చాలాసేపు చూసింది.

"పూస్తే మొక్క, పూయకపోతే దోసకాయ. భోజనాల గంట దాకా ఆగుతాను," అంది.

ఎండ తగలందే ఆ మొగ్గలు విచ్చవు. హాల్లో ట్యూబులైట్లు తప్ప ఏముంది? మెట్ల మీదికి తెచ్చాం. అక్కడంతా చెట్ల నీడ. ఉన్న ఎండల్లా రోడ్డు మధ్యలోనే ఉంది. అదెలార్ సొరబుర్రని రెండు చేతులా పట్టుకుని వెళ్లి రోడ్డు నడిమధ్య నిలబడ్డాడు. బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఏమయ్యా, పిచ్చా అని డ్రైవరు కేకేస్తే, పూస్తోంది, పక్కనుంచి పో అన్నాడు. బస్సు నిజంగానే పక్కనుంచి పోయింది. ఎండ జరిగిన కొద్దీ తనూ జరిగాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, సొరబుర్రని మాత్రం ఒరగనివ్వలేదు.

పావు తక్కువ పన్నెండుకి మొదటి మొగ్గ విచ్చింది. గంట కొట్టేలోపు నాలుగూ విచ్చుకున్నాయి. నిమ్మపండు రంగు, పట్టుగుడ్డ మెరుపు. కేకు ముక్కలు చేత్తో పట్టుకునే జనం మెట్లు దిగి వచ్చేశారు. హెల్గా టీచరమ్మ నడిరోడ్డు దాకా నడిచొచ్చి, "మొక్కే," అని సొరబుర్ర మెడకి మొదటి రిబ్బను కట్టింది. నేను సిగ్గు లేకుండా గంతులేశాను, యాభై ఎనిమిదేళ్ల ఒళ్లేసుకుని.

అందరూ లోపలికి పోయాక ఎర్సీ వదిన ఒక్కతే మిగిలింది. కాసేపు తటపటాయించి, వేలు చాచి ఆ ముళ్లని ముట్టుకుంది. ఉలిక్కిపడి వేలు తీసేసి, మళ్లీ అరచేయి మొత్తం ఆనించింది.

"ఇంత మెత్తగా ఉంటాయా నోయేలీ? పన్నెండేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"ఒక్కసారైనా ముట్టుకోలేదేం వదినా?" అన్నాను.

ఆవిడ చేయి తీయలేదు. నేనూ తీయమనలేదు.