ఖాళీగా వదలకూడని గడి

మా ఆయన అక్క నాకు ఇంట్లో వదిన, కాలేజీలో మేడమ్. స్కూలు కౌన్సెలర్లను తయారుచేసే మా పీజీ కోర్సుకు ఆవిడే హెడ్. కౌన్సెలర్ల వృత్తి మండలి కొత్త ప్రమాణాలు పంపింది. కోర్సును వాటికి సరిపెట్టే పని ఆవిడ నెత్తిన పడింది. ఆవిడ నెత్తిన పడ్డది మా నెత్తిన పడకుండా ఎక్కడికి పోతుంది?

ట్రైనింగుకి నన్నొక స్కూల్లో వేశారు. పాసైతే అక్కడే ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ స్కూల్లో ఆరో క్లాసు పిల్ల ఒకతి ఉంది. టీచర్లు దాన్ని మూగమొద్దు అనేవారు. నాలుగు నెలలు నా దగ్గరా పెదవి విప్పలేదు. ఒకరోజు డ్రాయింగు గది బయట కుళాయి దగ్గర ఇద్దరం కుంచెలు కడుగుతుంటే, నీళ్ళవైపే చూస్తూ చెప్పింది. నాన్న బండి చప్పుడు వినగానే తమ్ముణ్ణి బీరువా వెనక్కి తోసేస్తుందట. అప్పుడు దెబ్బలు తన ఒక్కదానితో అయిపోతాయట.

అప్పట్నించి వారం వారం కుంచెలు కడుగుతూనే మాట్లాడుకున్నాం.

ట్రైనింగు గంటలు రాసుకునే నా పుస్తకంలో వదిన ఎర్ర పెన్నుతో ఇరవై రెండు గంటలు కొట్టేసింది.

"కుళాయి దగ్గర కౌన్సెలింగేమిటే? రేపు అంట్లు తోముతూ పరీక్ష రాస్తానంటావా?"

"గదిలో అది మాట్లాడదు వదినా."

"ఇక్కడ మేడమ్. గదిలో, ఎదురెదురుగా కూర్చుని, నలభై నిమిషాల రికార్డింగు కావాలి. ఇంటి పెద్ద సంతకంతో అనుమతి పత్రం కావాలి. శుక్రవారం లోపల. మీ బ్యాచితో పాత కోర్సు సరి. తప్పావంటే మళ్ళీ మొదటి ఏడాది నుంచే, నలభై రెండేళ్ళ వయసులో. తమ్ముడి పెళ్ళామని వదిలేస్తే నలుగురూ నా మొహాన ఊస్తారు."

పత్రంలో 'కారణం' అని ఒక గడి ఉంది. 'చదువులో శ్రద్ధ' అని రాశాను. స్పష్టంగా లేదని వదిన తిప్పి పంపింది.

"దానికి తల్లి లేదు మేడమ్. చదివేది ఆ తండ్రే."

"చదవాలనేగా పత్రం. ఇంట్లోవాళ్ళకి దాచి చేసేది కౌన్సెలింగ్ కాదు, చాడీలు."

పొద్దున్నే టిఫిన్ బాక్సులు సర్ది, వంటింటి గట్టుమీదే రాశాను: 'తండ్రి కొడతాడన్న భయం.' చేతిరాత ముచ్చటగా కుదిరింది.

గురువారం పత్రం వచ్చింది. సంతకం గుండ్రంగా, తీరిగ్గా ఉంది. పత్రం పట్టుకొచ్చిన పిల్ల అంత ఎండలోనూ పొడుగు చేతుల స్వెట్టరు వేసుకుంది.

కుర్చీలో కూర్చోబెట్టి రికార్డరు నొక్కాను.

"మా నాన్న చాలా మంచివాడు," అంది పాఠం అప్పజెప్పినట్టు. "నేనే అబద్ధాలు చెబుతాను. ఈ అక్కకీ అబద్ధాలే చెప్పాను. మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ కొట్టరు."

ఆగింది. నా మొహంలోకి చూసింది.

"ఇంతవరకే చెప్పమన్నాడక్కా." వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇదీ అందులో పడిందా?"

గడియారం చూశాను. రెండు నిమిషాలైనా కాలేదు. మర్నాడు శుక్రవారం.

రికార్డరు ఆపి, ఉన్నదంతా చెరిపేశాను.

"ఫర్వాలేదు. మళ్ళీ మొదట్నించి చెప్పు," అన్నాను. "ఈసారి నెమ్మదిగా చెప్పు. నలభై నిమిషాలు రావాలి."

అది బుద్ధిగా తలూపి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మా నాన్న చాలా మంచివాడు," అంది.