ఖాళీ గడిలో బస్సు

నరసన్నపేట మెయిన్ రోడ్డులో ఉమాపతి గారి స్టీలు సామాన్ల కొట్టు తొమ్మిదింటికి తెరుస్తారు. తొమ్మిదిన్నరకల్లా కోడలు ఝాన్సీ పేర్లు కొట్టే మిషను ముందు కూచుంటుంది. ఇక బిందెల మీద, పళ్లేల మీద, టిఫిన్ క్యారేజీల మీద గిర్రుమంటూ పేర్లు పడుతూనే ఉంటాయి. ఆ చప్పుడు ఆగితే పక్క కొట్టువాళ్లు కరెంటు పోయిందనుకుంటారు.

ఏ సందర్భానికి ఏ మాటలు కొట్టాలో ఉమాపతి గారి పాత నోటుబుక్కులో రాసి ఉంటాయి. పెళ్లికొకటి, గృహప్రవేశానికొకటి, పెద్దకర్మకొకటి. పేరు, ఊరు, తేదీ ఉండాల్సిన చోట గీతలుంటాయి. వచ్చినవాళ్లని అడిగి ఆ గీతల్లో నింపుకోవడమే, తక్కిన మాటలు ముప్ఫై ఏళ్లుగా అవే.

ఆ కొట్టుకి ఇంకో పద్ధతి కూడా ఉంది. అమ్మిన గిన్నెని ఖాళీగా చేతికివ్వరు. ఉమాపతి గారు పక్కనున్న డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీసి అందులో పోసి మరీ ఇస్తారు. చెంచా కొన్నవాడిక్కూడా చెంచాలో నాలుగు గింజలు పెట్టి, ఇంటిదాకా ఒలక్కుండా పట్టుకెళ్లమంటారు. వాళ్లు నవ్వుకుంటారుగానీ పట్టుకెళ్తారు.

మధ్యాహ్నం బేరాలు పల్చబడే వేళ ఝాన్సీ కంప్యూటరు తెరిచి ఊళ్ల వికీలో కూచునేది. ఆ వికీ ఆమె తమ్ముడు ప్రమోద్‌ది. విజయనగరంలో లెక్చరరు, నలుగురు స్నేహితులతో కలిసి మొదలుపెట్టాడు. ఎవరైనా సరే తమకి తెలిసిన ఊరి గురించి అందులో ఒక పేజీ రాయొచ్చు. ఝాన్సీకి ఊళ్లకేం కరువు? క్యారేజీ మీద పేరు పడేలోపు మనిషి దగ్గర్నుంచి ఊరి సంగతంతా లాగేసేది. ఎన్ని ఇళ్లు, ఏ పంట, బడి ఎంతవరకు, నీళ్లెక్కణ్నుంచి.

మొదట బొంతలపేట రాసింది. నలభై మూడు ఊళ్లు అయ్యేసరికి అవే వరసలు మళ్లీ మళ్లీ కొట్టలేక విసిగిపోయి తమ్ముడికి ఫోన్ చేసింది.

"మూస చేసుకో అక్కా," అన్నాడు ప్రమోద్. "వరసలన్నీ ఒక్కచోట పెట్టుకుంటావు. ప్రతి ఊరి పేజీలోనూ మూస పేరు రాసి, ఆ ఊరి వివరాలు మాత్రం ఇస్తావు. వివరాల పెట్టె దానంతటదే వచ్చి కూచుంటుంది. తరవాత మూసలో ఒక్క మాట దిద్దితే అన్ని ఊళ్లలోనూ దిద్దుకుంటుంది."

"అంటే మా మావయ్యగారి నోటుబుక్కు."

"అంతే. ఇంత తొందరగా మా క్లాసులో ఒక్కడికీ అర్థం కాదు."

రెండు మధ్యాహ్నాల్లో మూస తయారైంది. మండలం, ఇళ్లు, పంట, బడి, నీళ్లు, సాయంత్రం బస్సు. నలభై మూడు ఊళ్ల పేజీల్లోనూ దాన్ని పెట్టి చూసుకుంది. అన్నీ పొందిగ్గా ఉన్నాయిగానీ, చివరి గడి ఒక్క బొంతలపేటకి తప్ప అన్నిటికీ ఖాళీ. సాయంత్రం బస్సున్న ఊరు అదొక్కటే మరి. వరసగా నలభై రెండు ఖాళీ గడులు చూసేసరికి ఆ ఇంటి కోడలికి ప్రాణం ఒప్పలేదు. ఎవరూ ఏమీ నింపకపోతే బొంతలపేట బస్సే కనిపించేలా మూసలో రాసేసింది: నరసన్నపేట నుంచి, 5:40. గుప్పెడు బియ్యం పోసినట్టే అనుకుంది.

మర్నాటి నుంచి ఐదూ నలభై బస్సు నలభై మూడు ఊళ్లకీ వెళ్లడం మొదలుపెట్టింది.

బస్సు ఒక్కటే, కండక్టరు పోతురాజూ ఒక్కడే. అందరూ అందులోనే ఎక్కేవారు. ఎవరి ఊరు వాళ్లకి మొదటి స్టాపు. పాతపట్నం వైపు వాళ్లూ సముద్రం వైపు వాళ్లూ పక్కపక్కన కూచుని, కబుర్లు చెప్పుకుని, అరగంటలో ఎవరి ఊళ్లో వాళ్లు దిగిపోయేవారు. జనం అన్నదల్లా, ఈ బస్సేదో ముందే వెయ్యాల్సిందని. కిటికీ సీటు కోసం తగువులు మాత్రం మామూలుగానే జరిగేవి. పేజీ లేని ఊళ్లవాళ్లు కొట్టుకొచ్చి, "మా ఊరు కూడా రాసీమ్మా, బస్సొస్తాది," అని అడిగి పోయేవారు.

ఆ వారంలోనే బుల్లమ్మ వచ్చింది. చినగుల్లపాలెం నుంచి రోజూ పొద్దున్నే గంపతో బజారుకొచ్చి చేపలమ్ముకునే మనిషి. మూడు గిన్నెల క్యారేజీ తీయించి, "మా గుంట పేరు కొట్టు కోడలమ్మా, అరుణశ్రీ," అంది. "శ్రీకాకులం పాల్‌టెక్నిక్కుల సీటొచ్చింది. ఆలయ్య పంపనన్నాడు."

"గంగులు బావగారికేం వచ్చింది, కన్నకూతుర్ని పంపనంటానికి?"

"అదీ నిజవే గదమ్మా. ఐదు దాటితే ఆటోలోడు రోడ్డు మీద దింపేసి ఎల్లిపోతాడు. ఆపైన మూడు కిలోమీటర్లు సరుగుడు తోట. సీకట్లో ఆడపిల్ల ఒక్కర్తీ ఎలాగొస్తాది? ఇప్పుడు ఇంటికాడికే బస్సొస్తన్నాది గదా, సరే ఎల్లమన్నాడు."

ఝాన్సీ ఆ పేరుని ఎంతో శ్రద్ధగా కొట్టింది. చివర ఒక చిన్న పువ్వు కూడా వేసింది. ఉమాపతి గారు పై గిన్నెలో బియ్యం పోసిచ్చారు.

రెండు నెలల తరవాత ప్రమోద్ ఫోన్ చేశాడు. గొంతులో మొహమాటం.

"అక్కా, నీ మూసలో బస్సు గడి చూశాను. డిపో పట్టికలో ఆ బస్సు ఒక్క బొంతలపేటకే ఉంది."

"బస్సు నిజంగానే వెళ్తోందిరా. నువ్వొచ్చి చూసుకో."

"వెళ్తోంది, నువ్వు రాశావు కాబట్టి. మనం ఉన్నదాన్ని రాయాలి అక్కా, రాసినదాన్ని ఉండమనకూడదు. ఆధారం లేకపోతే గడి ఖాళీగానే ఉండాలి. నీకొక్కదానికి వదిలేస్తే రేపు ఇంకొకడు తన ఊరికి విమానం రాస్తాడు."

ఝాన్సీకి కోపం వచ్చింది. కానీ వాడన్నదాంట్లో తప్పు దొరకలేదు. స్టీలు మీద తెలియని పేరు ఆమె మాత్రం కొడుతుందా? మర్నాడు మధ్యాహ్నం మూస తెరిచి, ఆ ముక్క తీసేసి, మార్పు భద్రపరిచింది. నలభై రెండు గడులు ఖాళీ అయిపోయాయి.

ఆ సాయంత్రం పోతురాజు స్టాండులో బొంతలపేట ఒక్కటే పిలిచాడు. తక్కినవాళ్లు బస్సు తీసేశారంట అనుకుంటూ ఆటోల వైపు నడిచారు. ఎవరూ గొడవ చెయ్యలేదు.

నాలుగో రోజున బుల్లమ్మ గంప బయట దించి కొట్లోకొచ్చింది. చేతిలో అదే క్యారేజీ, తళతళా తోమి ఉంది.

"సావుకారూ, ఇది తీసీసుకుని నాకో బేసినిచ్చీ. మూడు రోజులు ఆలయ్య సేపల ఏటకి మానేసి రోడ్డు మీదకెళ్లి గుంటని తెచ్చుకున్నాడు. ఎన్నాళ్లు మానేస్తాడు? సాల్లే సదువన్నాడు."

ఉమాపతి గారు క్యారేజీ అటూ ఇటూ తిప్పారు. "పేరు పడిపోయింది కదే బుల్లమ్మా. ఇంకెవరు కొంటారు?"

"సెరిపీలేరేటి?"

"స్టీలు మీద పడింది చెరగదమ్మా," అన్నారాయన, తప్పు తనదే అయినట్టు.

ఝాన్సీ మిషను ఆపేసింది. ఆ పేరు తను కొట్టిందే, ఆ బస్సు తను ఆపిందే. ఏం చెయ్యాలో తోచక క్యారేజీ అందుకుని పై గిన్నె మూత తీసింది. లోపల చిన్న చిన్న కాయితాలు, చుట్టలు చుట్టుకుని, గిన్నె నిండా ఉన్నాయి.

"ఏంటివి?"

బుల్లమ్మ సిగ్గుపడింది. "మీరెప్పుడూ ఖాళీగా ఇవ్వరు గదా, నానెలాగ ఖాళీగా తెస్తాను? ఎండు రొయ్యలెడదావంటే మీరు ముట్టరు. ఇంటికాడ ఇంకేటుంటాది? మా గుంట బస్సు టిక్కెట్లు దాసుకున్నాది. అవే ఎట్టీసినాను."

ఝాన్సీ ఒకటి విప్పింది. రెండోది విప్పింది. మిషను టికెట్టు మీద సన్నటి అక్షరాల్లో ఊరి పేరు, తేదీ, టైము. నరసన్నపేట నుంచి చినగుల్లపాలెం, 17:40. రోజుకొకటి చొప్పున రెండు నెలలవి, ఒక్కటీ పారెయ్యకుండా.

"బుల్లమ్మా, కూచో," అంది. "మావయ్యా, ఆ బేసిను లోపల పెట్టేయండి."

టికెట్లన్నీ గాజుబల్ల మీద పరిచి సెల్లుతో ఫొటోలు తీసింది. ఈసారి మూస జోలికి పోలేదు. చినగుల్లపాలెం పేజీ ఒక్కటే తెరిచి, బస్సు గడిలో 5:40 అని రాసి, కింద ఆధారంగా ఆ టికెట్లని చేర్చింది. తరవాత తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఉన్నదాన్ని రాయమన్నావు. రాశాను, చూసుకో."

అవతల మౌసు టకటకలు వినిపించాయి. బుల్లమ్మ కంప్యూటరు వంకా ఝాన్సీ మొహం వంకా మార్చి మార్చి చూస్తోంది.

"తేదీలున్నాయి, టైములున్నాయి," అన్నాడు చివరికి ప్రమోద్. "దీన్ని తీసేసే హక్కు నాకు లేదక్కా." వాడి గొంతులోనూ సంతోషం తెలుస్తూనే ఉంది.

ఉమాపతి గారు క్యారేజీలో గుప్పెడు బియ్యం పోసి బుల్లమ్మ చేతికిచ్చారు. ఆ సాయంత్రం పోతురాజు బొంతలపేటతో పాటు చినగుల్లపాలెం కూడా పిలిచాడు. ఆ సంగతి తెలిసి తక్కిన ఊళ్లవాళ్లు చొక్కా జేబులూ చీర కొంగులూ వెతుక్కుని టికెట్లు పట్టుకొచ్చారు. ఝాన్సీ ఒక్కో పేజీలో ఒక్కో టికెట్టూ పెట్టుకుంటూ పోయింది. ఏడు ఊళ్లవాళ్లకి మాత్రం ఒక్క టికెట్టూ దొరకలేదు. వాళ్లు ఇప్పటికీ ఆటోల్లోనే వెళ్తారు.

ఆ పని ముగిశాక ఝాన్సీ మూసలో కొత్త వరస ఒకటి చేర్చింది: ఊళ్లో పాలిటెక్నిక్ పూర్తి చేసిన తొలి ఆడపిల్ల. దాన్ని అలాగే వదిలేసింది.

"ఖాళీగా ఉంచేశావేంటమ్మా?" అన్నారు ఉమాపతి గారు, వెనకనుంచి చూసి.

"ఇది వాళ్లే నింపి తేవాలి మావయ్యా."

మూడేళ్లు గడిచాయి. రెండు వేల పద్దెనిమిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బుల్లమ్మ కొట్లోకొచ్చి క్యారేజీ బల్ల మీద పెట్టింది. అడుగు సొట్టలు పడింది గానీ పేరూ పువ్వూ అలాగే ఉన్నాయి. వెనకాల అరుణశ్రీ, తల్లి కంటే జానెడు పొడుగు, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

బుల్లమ్మ పై గిన్నె మూత తీసి, నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాయితం బయటికి తీసింది.

"ఆదారం తెచ్చినాను," అంది. "రాయి కోడలమ్మా."

ఝాన్సీ కాయితం విప్పి, డిప్లొమా అన్న మాట దగ్గర ఆగి, చదవడం అయ్యాక చినగుల్లపాలెం పేజీ తెరిచింది. ఒకసారి స్టీలు మీద కొట్టిన పేరే. అయినా కళ్లల్లో నీళ్లు నిండి, ఆ నాలుగక్షరాలు కొట్టడానికి ఆమెకి చాలా సేపు పట్టింది.