కొస మడిచిన టేపు

జిగురు టేపును వేళ్ళ మధ్య బిగపట్టి, ఊపిరి ఆపి, తాపీగా విడదీసింది జిగురక్క. బూడిదరంగు మరక రెండుగా చీలింది. మళ్ళీ మడిచి, అదిమి, మళ్ళీ విడదీసింది. పెన్సిల్లో ఉండే నల్లముల్లు సరుకే అది. పొర మీద పొర ఒలుచుకుంటూ పోతే చివరికి ఒక్క పరమాణువు మందం రేకు మిగులుతుంది. దాన్ని మైక్రోస్కోపులో వెతికి పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో చేరింది. ఇప్పుడు కుడి బొటనవేలి గీతలు అరిగిపోయి వేలు గాజులా నున్నబడింది. ఆ ప్రయోగశాలలో ఆమె ఎవరినీ ఏమీ అనదు, టేపు కొస మడవకుండా వదిలేసిన వాళ్ళని తప్ప. "తర్వాత తీసేవాళ్ళు గోళ్ళతో గీరుకోవాలా?" అంటుంది.

"ఉల్లిపాయ ఒలిస్తే కూరన్నా అవుతుంది. నువ్వు ఒలిచింది ఏమవుతుందే?" అని పొద్దున కూడా ఆటపట్టించాడు భర్త. బస్సు నడిపి రిటైరైన మనిషి.

"ఇవాళ్టితో నా ఉద్యోగం సరి. రేపట్నుంచి ఉల్లిపాయలే ఒలుస్తాను. మీరు పక్కన కూర్చుని ఏడుద్దురుగాని."

ఆమె ఒలిచిన రేకుల్లో ఒకదాన్ని పరిశోధక విద్యార్థిని ఇరుకు సందులా చెక్కి, గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ పోసిన చలిపీపాలో దించి, కరెంటు పంపుతోంది. ఆ సందు దాటడానికి ఎలక్ట్రాన్లు ఎంత అవస్థపడుతున్నాయో తెర మీద ఒక గీత చూపిస్తుంది. అవస్థ పెరిగితే గీత పైకెక్కుతుంది, తగ్గితే దిగుతుంది.

"అక్కా, క్లాసుకి వెళ్ళొస్తాను. నైట్రోజన్ తగ్గితే కాస్త పోస్తారా? వేడెక్కితే రేకు చిట్లిపోతుంది. ఇంకొకటి చేసే టైము లేదు నాకు."

"నువ్వెళ్ళమ్మా. కళ్ళలో ఒత్తులేసుకుని చూస్తా."

చూసేదే. కానీ టేపు మూల ఏదో తళుక్కుమంది. వెళ్ళేలోగా ఇంకొక్కటి దొరికితే అనుకుంటూ దాన్ని పలక మీద అద్ది మైక్రోస్కోపు మీద వాలింది. ఊదారంగు పలక మీద అంతకంటే కాస్త ముదురు నీడ, ఉందా లేదా అన్నట్టు. దాని వెంటే వెళ్ళిపోయింది మనసు. తలెత్తేసరికి పీపా మూతి దగ్గర ఆవిరి లేదు, నైట్రోజన్ అయిపోయింది.

నైట్రోజన్ డబ్బా అందుకుంది, మళ్ళీ దించేసింది. ఒక్కసారిగా పోస్తే ఇంకా చిట్లుతుందేమో. ఇన్నేళ్ళూ ఈది ఈది ఒడ్డు దగ్గర మునిగినట్టయింది. దేన్నీ ముట్టుకోకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అమ్మాయి వచ్చేసరికి అలాగే ఉంది. "మర్చిపోయాను తల్లీ. నీ రేకు పోయింది. తిట్టాలనుంటే తిట్టు."

అమ్మాయి తెర ముందుకి వంగింది. "గీత దిగుతోంది అక్కా" అంది.

"చిట్లిందా?"

"చిట్లితే గీత కొండెక్కి కూర్చునేది. ఇది నెమ్మదిగా దిగుతోంది. గట్టి చలిలో ఎలక్ట్రాన్లు ఎవరికి వారే యమునా తీరే. ఒక్కొక్కటీ పోయి గోడకి గుద్దుకుంటుంది. కాస్త వెచ్చబడితే ఒకదాన్నొకటి రాసుకుంటూ నీళ్ళలా కలిసి పారతాయి. నేను చూడాలనుకున్నది ఇదే. తొందరపడి వేడిచేసి ఇదివరకు రేకులు చిట్లగొట్టుకున్నాను. ఆ భయంతో దీన్ని చలిలోంచి కదలనివ్వలేదు. పీపాని దాని మానాన ఎండనిస్తే ఇంత మెల్లగా వెచ్చబడుతుందని తోచనే లేదు."

"సినిమా వదిలినప్పుడు గుమ్మం దగ్గర జనంలాగన్నమాట. మన కాళ్ళతో పని లేకుండా బయటపడతాం."

"అచ్చం అంతే" అని నవ్వింది అమ్మాయి.

జిగురక్క గ్లాసెడు నీళ్ళు గటగటా తాగింది. మా ఆయనకి చెప్పాలి, నేను ఒలిచింది ఇవాళ ఏరై పారిందని, అనుకుంది.

సాయంత్రం తెల్లకోటు కొక్కేనికి తగిలించి, తాళంచెవి సొరుగులో వేసి, "వస్తానమ్మా" అంది. గీతలో మునిగిన అమ్మాయి తల తిప్పకుండానే "రేపు కలుద్దాం అక్కా" అంది. జిగురక్క సరిదిద్దలేదు. తలుపు చప్పుడు కాకుండా చేరవేసింది.

బల్ల మీద టేపు చుట్ట ఉంది, కొస మడిచి.