నదికి వీపు పెట్టినవాడు

వంతెన తెరిచిన రోజునే పడవాయన ఒట్టు పెట్టుకున్నాడు: మళ్ళీ తెడ్డు చేతికొచ్చేదాకా నది మొహం చూడనని. కడుపు ఊరుకోదు కదా, ఆ వంతెన మొదట్లోనే టోల్ గేటులో పనికి కుదిరాడు. కుర్చీ మాత్రం నదికి వీపు పెట్టి వేయించుకున్నాడు. ఇంటికి పోయేటప్పుడూ మెడ పట్టేసినవాడిలా అటు తిరిగేవాడు కాదు. పదకొండేళ్ళలో ఆయన చొక్కా కాలర్లన్నీ ఒకవైపే అరిగిపోయాయని చెప్పుకునేవారు. ఇందులో అబద్ధం ఉంటే పావు వంతే.

పెరట్లో పడవ బోర్లించి ఉండేది. ఏటేటా దానికి తారు పూసేవాడు.

"పెళ్ళాం మోకాళ్ళకి ఇంత నూనె రాయడానికి చేతులు రావు గానీ, ఆ చెక్కకి రాజోపచారాలు!" అని భార్య దెప్పేది. "ఒక్కసారి పోయి ఆ నదిని చూసి రారాదూ? అక్కడ..."

"ఆపు!" చెవులు మూసుకునేవాడు. "పుట్టినప్పట్నుంచీ ఎరిగిన నది గురించి నాకు నువ్వు చెప్తావుటే?"

గేటు దగ్గర ఆయనకి మర్యాద ఇచ్చేది ఇసుక లారీల వాళ్ళే. "బాబాయ్!" అంటూ చెయ్యూపేవారు. ఆయన పొంగిపోయి, లేచి నిలబడి మరీ అడ్డకర్ర ఎత్తేవాడు.

చివరికి వంతెనకి పగుళ్ళొచ్చాయి. ఇంజనీరు వచ్చి రాకపోకలు ఆపేశాడు.

"రేపట్నుంచి జనాన్ని దాటించేది నేనే!" అని పడవాయన వీధి వీధికీ చెప్పొచ్చాడు. తెల్లారగానే పడవని ట్రాక్టరు మీద ఒడ్డుకి చేర్చాడు. కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు. భార్య తెడ్డు అందించింది. కళ్ళు తెరిచాడు.

నీళ్ళు లేవు. గుంటలు, బురద, లారీ చక్రాల జాడలు. జనం చెప్పులు చేతపట్టుకుని నడిచి దాటుతున్నారు.

"బాబాయ్, పడవకి చక్రాలు పెట్టించు!" అని ఎవరో నవ్వారు.

పడవాయన వంతెన స్తంభం పక్కన నిలబడ్డ ఇంజనీరు దగ్గరికి పోయాడు. "నా నది ఏదయ్యా?"

"ఇసుకంతా తోడేశారు. స్తంభాలకే పట్టు లేదు, నీళ్ళెక్కడ నిలుస్తాయి?"

"ఎటు పట్టుకుపోయారు?"

"ఎటేమిటి పెద్దాయనా, ఉన్నది ఒక్కటే దారి. నీ గేటులోంచే."

పడవాయన తెడ్డు కింద పడేసి, తన కుడిచెయ్యి చాలాసేపు చూసుకున్నాడు.

"ఒక్కో లారీకీ లేచి నిలబడి మరీ ఎత్తానే," అన్నాడు.